రుషికుల్య ఏట్లో పెద్ద పండుగప్ప చేప కోసం సిద్ధమవుతున్నాను, తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్తగాలం (బరంపురం)
అక్టోబరు 4, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా గాలం వేస్తున్నాను. ఇన్నాళ్ళూ చెరువులే, కొరమీను, బొచ్చె అంతే. పోయిన నవంబరులో మొదటిసారి గంజాం దగ్గర రుషికుల్యకి వెళ్ళాను. రోడ్డు వంతెనకి కిందివైపు, మొగకి (ఏరు సముద్రంలో కలిసే చోటికి) పోయే దారిలో కూర్చుని బతికున్న రొయ్య వేశాను. సందె చీకటి పడుతుండగా రాడ్ ఒక్కసారిగా వంగింది. చేప నీళ్ళ పైకి లేచి తల విదిలించింది. నోరు తెరిస్తే లోపల చెంబు పట్టేలా ఉంది. పదిహేను కిలోలని నేను అనను, కానీ ఎనిమిదికి తక్కువ లేదు. మళ్ళీ నీళ్ళలో పడి రెండో విదిలింపు విదిలించేసరికి దారం వదులైపోయింది.

చుట్టి చూస్తే ముల్లుకి జానెడు పైన తెగి ఉంది. అరిగి తెగినట్టు లేదు, బ్లేడుతో కోసినట్టు ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడాదిగా అదే ఆలోచన.

ఈసారి సరిగ్గా సిద్ధమై వెళ్దామని ఉంది. ఎనిమిది అడుగుల రాడ్, 4000 సైజు రీల్, 30 పౌండ్ల బలం ఉన్న బ్రెయిడ్ (అల్లిక) దారం కొన్నాను. దారం చివర ఏం కట్టాలి, ఎర రొయ్యా చేపా, ఏ తిథికి వెళ్ళాలి? పోయినసారి పళ్ళతో కొరికేసిందనుకుని స్టీలు తీగ కొనబోయాను. షాపతను కూడా అదే కొనమన్నాడు. కొనేముందు మిమ్మల్ని అడుగుదామని ఆగాను.

ఇచ్ఛాపురం రాజు
అక్టోబరు 4, రాత్రి 10:15

తీగ వద్దు బ్రో. తీగ కడితే బతికున్న రొయ్య సరిగా ఈదదు, చేప ముట్టుకోదు. నేను బాహుదా మొగలో 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (బ్రెయిడ్‌కీ ముల్లుకీ మధ్య కట్టే గట్టి దారం), 45 సెంటీమీటర్లు కడతాను. మూడు నాలుగు కిలోలవి చాలా తీశాను, ఎప్పుడూ తెగలేదు.

నన్నడిగితే అసలు బతికున్న ఎర గోలే వద్దు. పది పన్నెండు సెంటీమీటర్ల తేలే ప్లాస్టిక్ చేప వేసి నెమ్మదిగా లాగు, ఆపు, మళ్ళీ లాగు. ఆపినప్పుడే కొడుతుంది. లాగుతున్నంతసేపూ వెనకాలే వచ్చి చూస్తుంటుంది.

గట్టు మాస్టారు (ఛత్రపురం)
అక్టోబరు 5, ఉదయం 6:05

బాబూ, నీ దారాన్ని కోసింది పళ్ళు కాదు. పండుగప్ప నోట్లో బొటనవేలు పెట్టి చూసినవాడికి తెలుస్తుంది, లోపలంతా సన్నని గరుకు కాగితంలా ఉంటుంది తప్ప కొరికే కోరలు ఉండవు. కోసేది మొప్పల మీది రేకు. ఆ రేకు అంచు కత్తిలా ఉంటుంది, కింద ఒక ముల్లు కూడా ఉంటుంది. చేప గాల్లో తల విదిలించినప్పుడు దారం చెంప మీదుగా పోయి ఆ అంచుకి తగులుతుంది. నువ్వు గట్టిగా లాగుతున్నావు, అది విదిలిస్తోంది. అలా బిగుసుకున్న దారం కత్తికి తగిలితే ఇంకేం మిగులుతుంది?

అందుకే లీడర్ 50 నుంచి 60 పౌండ్లది, మామూలు మందపాటి నైలాన్ అయినా చాలు. పొడవు మాత్రం మీటరుకి తగ్గొద్దు. నేను మీటరూ ఇరవై కడతాను. రాజు 45 సెంటీమీటర్లు చాలంటున్నాడు. మూడు కిలోల చేపకి చాలుతుంది. మీటరు చేప అడ్డం తిరిగి దారాన్ని ఒంటికి చుట్టుకుంటే ఆ 45 దాటి బ్రెయిడ్ దాకా వస్తుంది. బ్రెయిడ్‌కి లాగుడు బలం ఎంతైనా ఉండనీ, రాపిడికి ఆగదు.

ముడి గురించి ఒక మాట. బ్రెయిడ్‌నీ లీడర్‌నీ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకో. సన్నగా వస్తుంది, రాడ్ రింగుల్లో అడ్డుపడదు. ముల్లుకి యూని ముడి చాలు. బిగించేముందు నోటి తడి పెట్టు. పొడిగా బిగిస్తే నైలాన్ వేడెక్కి అక్కడే బలం పోతుంది. ఇంటి దగ్గర కూర్చుని యాభైసార్లు కట్టు. ఏటి గట్టున, చీకట్లో, గాలిలో, చేప ఆడుతున్న చప్పుడు వింటూ కట్టాల్సి వస్తుంది. అప్పుడు చేతులు వణుకుతాయి. ముడి చేతికి వచ్చేసి ఉంటేనే అప్పుడు పడుతుంది.

కొత్తగాలం (బరంపురం)
అక్టోబరు 5, ఉదయం 8:30

మాస్టారూ, ఏడాదిగా నన్ను తినేస్తున్న ప్రశ్నకి జవాబు దొరికింది. దండాలు. తీగ కొననులెండి.

డ్రాగ్, అంటే రీల్ దారం వదిలే బిగువు, ఎంత పెట్టాలి? పోయినసారి భయపడి బాగా బిగించేశాను.

గట్టు మాస్టారు (ఛత్రపురం)
అక్టోబరు 5, ఉదయం 8:55

అది కూడా ఒక కారణమే. కూరగాయల బండి దగ్గర వేలాడే స్ప్రింగ్ కాటా ఉంటుంది చూడు, అది ఒకటి తెచ్చుకో. గేటుకి కట్టి దారం చివర దానికి తగిలించి, రాడ్ పైకెత్తి లాగు. 30 పౌండ్లంటే సుమారు 13.6 కిలోలు. అందులో నాలుగో వంతు, అంటే 3.4 కిలోల దగ్గర రీల్ దారం వదలాలి. చేత్తో లాగి "సరిపోయింది" అనుకోకు. చేతికి ఐదు కిలోలూ రెండు కిలోలూ ఒకలాగే అనిపిస్తాయి.

వంతెన స్తంభాల పక్కన వేస్తే మాత్రం కాస్త బిగించుకోవాలి. అక్కడ చేప తగలగానే స్తంభం చుట్టూ తిరుగుతుంది. మొదటి ఐదు సెకన్లలో దాన్ని అక్కడినుంచి తిప్పకపోతే ఆశ వదులుకోవడమే. నువ్వు కొత్తవాడివి, స్తంభాలకి దూరంగా కూర్చో.

రంభ కుర్రాడు
అక్టోబరు 5, మధ్యాహ్నం 1:20

మాది చిలికా గట్టు. మా దగ్గర దీన్ని భేక్టి అంటారు. రొయ్య కంటే ఖైంగా పిల్ల వెయ్యండి, మన తెలుగువాళ్ళు కత్తిపరిగె అంటారే, అది. అరచేతి పొడవుది చాలు. రొయ్య వేస్తే జెల్లలు, చిన్నాచితకా అన్నీ వచ్చి తినేస్తాయి. ఖైంగా వేస్తే పెద్దదే ముడుతుంది. గంట ఆలస్యమైనా పెద్దదే.

పై పెదవి గుండా గుచ్చండి, ఏటి వాలులో (ప్రవాహంలో) ఊపిరాడి బతుకుతుంది. వెన్ను మీద గుచ్చేటప్పుడు లోతుగా పోతే వెన్నెముకకి తగిలి చచ్చిపోతుంది.

తెప్ప అప్పన్న (గోపాలపురం)
అక్టోబరు 5, రాత్రి 8:10

తమ్ముడూ, నేను గాలం ఆటగా వేసేవాణ్ణి కాదు. మా తాతల నాటి నుంచి వేటే మా బతుకు. ఒడియావాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదివితే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఎర కొనకు. విసురు వల పట్టుకుని పోటు ఎక్కేటప్పుడు గట్టు పక్కన లోతు తక్కువ చోట విసిరితే ఖైంగా పిల్లలూ రొయ్యలూ రెండూ పడతాయి. ఆ పూట ఆ ఏట్లో ఏది తిరుగుతుంటే పండుగప్ప దాన్నే తింటోందన్నమాట. నీ వలలో రొయ్యే ఎక్కువ పడితే రొయ్యే వెయ్యి, ఖైంగా పడితే అదే. మనకి ఏది నచ్చింది అని కాదు చూసేది.

రొయ్యకి తల మీద కొమ్ము ఉంటుంది కదా, దాని కింద నల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చకి తగలకుండా ముందుభాగంలో గుచ్చితే గంటసేపైనా బతికి తన్నుకుంటుంది. మచ్చకి తగిలితే అక్కడికక్కడే పోతుంది.

బకెట్లో ముప్ఫై రొయ్యలు కుక్కొద్దు. ఇరవై లీటర్ల బకెట్‌కి పది. ఏటి నీళ్ళే పొయ్యి, కుళాయి నీళ్ళు వద్దు. గంటకోసారి సగం నీళ్ళు మార్చు. బ్యాటరీ గాలి పంపు ఉంటే మంచిదే. ఎండగా ఉంటే నీళ్ళ సీసా గడ్డకట్టించి మూత బిగించి బకెట్లో పడెయ్యి.

ఇచ్ఛాపురం రాజు
అక్టోబరు 5, రాత్రి 8:40

అప్పన్నా, ఎర సంగతి ఒప్పుకుంటున్నా. కానీ నీళ్ళు తేటగా ఉన్న రోజు ప్లాస్టిక్ చేపకి మించింది లేదు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. చవక ప్లాస్టిక్ చేపలకి వచ్చే మూడు ముళ్ళ గాలాలు పెద్ద పండుగప్పకి నిటారుగా సాగిపోతాయి. నాకు ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్నదానికి మూడు ముళ్ళూ విప్పుకుపోయి తిరిగొచ్చింది. కొనగానే అవి తీసేసి గట్టివి వేసుకోండి.

ఇంకో సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో పెర్చ్ అని చదువుతుంటాం కదా, అది మన పండుగప్పేనా?

లత (పర్లాకిమిడి)
అక్టోబరు 6, ఉదయం 7:15

నేను చేపల మీదే చదువుకున్నాను కాబట్టి దీనికి నేను చెప్తాను. యూరప్ నదుల్లో పెర్చ్ అనేది వేరే చేప. చారలుంటాయి, చిన్నది, అరకిలో ఉంటే అక్కడ పెద్దదే. మన పండుగప్ప లేటెస్ అనే జాతిది, పూర్తి పేరు లేటెస్ కాల్కారిఫర్. జెయింట్ పెర్చ్ అని కూడా పిలుస్తారు. ఆస్ట్రేలియాలో బర్రముండి. ఆఫ్రికాలో నైల్ పెర్చ్ అనేది దీనికి దాయాది. దాన్ని 1950ల్లో విక్టోరియా సరస్సులో వదిలితే అక్కడి సొంత చేపలు వందల రకాలు తుడిచిపెట్టుకుపోయాయి. మనది మాత్రం ఈ తీరంలోనే పుట్టి పెరిగింది, ఎవరూ తెచ్చి వదల్లేదు.

కొత్తగాలం గారూ, మీరు రాడ్ గురించి, ముడి గురించి అడిగారు. చేప గురించి అడగలేదు. నాకు అది చెప్పాలనిపిస్తోంది.

పండుగప్ప పుట్టినప్పుడు దాదాపు అన్నీ మగవే. మూడు నాలుగేళ్ళకి మగచేపగా ఈడుకొస్తుంది. ఇంకా కొన్నేళ్ళు గడిచి, సుమారు 80 సెంటీమీటర్ల నుంచి మీటరు పొడవుకి వచ్చేసరికి ఆడదిగా మారుతుంది. అంటే మీరు ఏడాదిగా కలలు కంటున్న ఆ పెద్ద చేప దాదాపు ఖాయంగా తల్లి. వానాకాలంలో మొగ దగ్గర ఉప్పునీళ్ళలో గుడ్లు పెడుతుంది. ఒక పెద్ద ఆడచేప లక్షల్లో గుడ్లు పెడుతుంది, బాగా పెద్దదైతే పదుల లక్షలు. పిల్లలు పోటుతో పాటు ఏట్లోకి, మడుగుల్లోకి ఎక్కి, మంచినీళ్ళలో పెరిగి, పెద్దయ్యాక మళ్ళీ ఉప్పునీళ్ళకి దిగుతాయి. రుషికుల్య మొగ నుంచి పాలూరు కాలువ గుండా చిలికాకి కూడా దారి ఉంది. ఒక ఆనకట్ట అడ్డొచ్చినా, మొగ పూడుకుపోయినా ఆ రాకపోకలు తెగిపోతాయి.

మార్కెట్లో పళ్ళెం సైజులో ఒకేలా కనిపించేవి చాలావరకు చెరువుల్లో పెంచినవి. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లోనే హేచరీలో, అంటే చేపపిల్లల్ని పుట్టించే కేంద్రంలో, దీని పిల్లలు పుట్టించింది. కాబట్టి తినడానికి పండుగప్ప దొరుకుతుంది. ఏళ్ళ తరబడి బతికి ఆడదిగా మారిన చేప మాత్రం హేచరీ నుంచి ఏట్లోకి రాదు.

దయచేసి 80 సెంటీమీటర్లు దాటినదాన్ని వదిలేయండి. వదలాలంటే ముందే సిద్ధమవ్వాలి, పట్టాక ఆలోచిస్తే అవ్వదు.

తెప్ప అప్పన్న (గోపాలపురం)
అక్టోబరు 6, రాత్రి 7:30

లత గారూ, మీరు చెప్పింది నిజమే. మగది ఆడదవుతుందని మా నాన్న కూడా చెప్పేవాడు, నేనే నమ్మలేదు. కానీ మా ఇంట్లో వలకి ఒక పెద్ద పండుగప్ప పడిందంటే నెల సరుకులు వచ్చినట్టే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. నవంబరు నుంచి మే దాకా తాబేళ్ళ కోసం రుషికుల్య మొగకి 20 కిలోమీటర్ల లోపల ఆంక్షలు. మధ్యలో తుపానులు. దొరికినదాన్ని వదలమని మావాళ్ళకి నేను చెప్పలేను, చెప్పను కూడా.

తమ్ముడి సంగతి వేరు. అతనిది పొట్టకూటి వేట కాదు. అతను వదిలితే మంచిదే, నాకు సంతోషమే.

లత (పర్లాకిమిడి)
అక్టోబరు 6, రాత్రి 8:05

అన్నా, మీ వేట గురించి నేను ఒక్క మాట కూడా అనను. అనే హక్కు నాకు లేదు. గాలం సరదాకి వేసేవాళ్ళనే అడుగుతున్నాను.

కొత్తగాలం (బరంపురం)
అక్టోబరు 6, రాత్రి 10:40

రెండుసార్లు చదివాను లత గారూ. నిజం చెప్పాలంటే మొదట మనసు ఒప్పుకోలేదు. ఏడాది కలగన్న చేపని ఇంటికి తేకుండా ఎలా వస్తాను? మా అమ్మకి చెప్పాను కూడా, ఆవ పెట్టి పులుసు చేయిస్తానని. ఇవాళంతా ఆలోచించాను. సరే, 80 దాటితే వదిలేస్తాను. ఎలా వదలాలో చెప్పండి.

లత (పర్లాకిమిడి)
అక్టోబరు 7, ఉదయం 6:50

చాలా సంతోషం అండీ. సర్కిల్ హుక్కు, అంటే కొన లోపలికి వంగిన గుండ్రటి ముల్లు, వాడండి, 6/0 సైజు అయితే సరిపోతుంది. అది పెదవి మూలన దిగుతుంది, గొంతులో దిగదు. ఒక్కటే షరతు, చేప లాగగానే రాడ్ ఝటక్కున ఎత్తకూడదు. చేపే తిరిగి పోతుంది, దారం బిగుస్తుంది, మీరు నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టాలి. చెరువుల్లో కొరమీనుకి అలవాటైన చెయ్యి ఇక్కడ మోసం చేస్తుంది, ముందే మనసుకి చెప్పుకోండి. ముల్లుకి ఉన్న చిన్న తిరగముల్లు పట్టకారుతో నొక్కేయండి.

ముడులు లేని రబ్బరు వల తెచ్చుకోండి. చేపని దవడ పట్టుకుని నిలువుగా వేలాడదీసి ఫొటో దిగొద్దు. పది కిలోల బరువు ఆ దవడ, ఆ వెన్ను మోయలేవు. ఒక చెయ్యి దవడ కింద, రెండోది పొట్ట కింద, అడ్డంగా పట్టుకోండి. చేతులు తడిగా ఉండాలి, పొడి చేతికి ఒంటి మీది జిగురు ఊడొస్తుంది. వదిలేటప్పుడు తల వాలుకి ఎదురుగా పెట్టి నీళ్ళలోనే పట్టుకుని ఉండండి. బలం వచ్చాక తనే తోక కొట్టి పోతుంది.

తెగిన దారం ముక్క ఒక్కటి కూడా గట్టున వదలొద్దు. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అది. ఫిబ్రవరి నుంచి మే మధ్య మాత్రం రాత్రిపూట ఇసుక మీదికి టార్చ్‌తో వెళ్ళకండి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపు నడిచి దారి తప్పుతాయి.

గట్టు మాస్టారు (ఛత్రపురం)
అక్టోబరు 7, మధ్యాహ్నం 3:30

ఇక తిథి. అమావాస్య, పౌర్ణమి నాడు పోటు పెద్దది, వాలు కూడా పెద్దదే. మొగ దగ్గర సీసం గుండు నిలవదు, నీళ్ళు బురదగా ఉంటాయి. అష్టమికి నీళ్ళు కదలనట్టే ఉంటాయి, చేపకి ఆకలి పుట్టదు. నేను ఎంచుకునేది తదియ, చవితి. వాలు ఉంటుంది కానీ మనిషి చెప్పినట్టు వింటుంది.

దీపావళి అమావాస్య తర్వాత వచ్చే నాగుల చవితికి వెళ్ళు. ఆ తిథికి ఆటు చివరి గంటలు సాయంత్రం వైపు పడతాయి. పట్టికలో సరిచూసుకో, పోటు రోజుకి యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. ఆటు తీసేటప్పుడు పక్క పాయల్లోంచి, ఉప్పు మళ్ళ కాలవల్లోంచి నీళ్ళతో పాటు రొయ్యలూ పిల్లచేపలూ ఏట్లోకి జారతాయి. ఆ పాయ ఏట్లో కలిసే మూల దగ్గర పండుగప్ప నోరు తెరుచుకుని కాపు కాస్తుంది. ఆ మూలకి రెండు బారల ఎగువన ఎర వేసి వాలుకి వదిలెయ్యి. మొగ దాకా నడవక్కర్లేదు.

కార్తీక పౌర్ణమికి మాత్రం పెట్టుకోకు. తెల్లవారుజామున ఊరూరా జనం ఏటి దగ్గరికొచ్చి అరటిదొప్ప పడవలు వదులుతారు. ఆ పౌర్ణమితో ముగిసే ఐదు రోజులూ పంచుక. ఆ రోజుల్లో కొంగ కూడా చేపని ముట్టదని ఒడియావాళ్ళ నమ్మకం. వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ గట్టు మీద కూర్చుని మనం గాలం వేయడం బాగుండదు.

ఇంకొక్కటి రాయాలి. పైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న తీరం దాటింది కదా, ఆ మరుసటి ఏడాది నేనూ నా స్నేహితుడూ మొగ దగ్గర ఇసుక తిన్నె మీద నిలబడి వేస్తున్నాం. పాతికేళ్ళుగా తెలిసిన చోటు అనుకున్నాను. మా ముందు నీళ్ళు మోకాలి లోతు. చూస్తుండగానే పోటు తిరిగింది. మేం ముందుకే చూస్తున్నాం, వెనక పాయ నిండిపోయింది. వెనక్కి తిరిగేసరికి తిన్నెకీ గట్టుకీ మధ్య మెడలోతు నీళ్ళు పరుగు తీస్తున్నాయి. కాలి కింద ఇసుక అంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. వల వేసుకునే పడవవాళ్ళు చూసి వచ్చారు కాబట్టి ఈ మాట రాస్తున్నాను. నాకు ఈత వచ్చు. ఆ నీళ్ళలో ఈత దేనికీ పనికిరాదు. నిరుడు ఉన్న తిన్నె ఈ ఏడు ఉండదు. లైఫ్ జాకెట్ వేసుకో, తిన్నె ఎక్కకు, ఒంటరిగా వెళ్ళకు.

రంభ కుర్రాడు
అక్టోబరు 7, సాయంత్రం 5:00

లోతు తక్కువ నీళ్ళలో నడిచేటప్పుడు పాదం ఎత్తి వేయకండి, ఇసుకలో రాసుకుంటూ నడవండి. టేకు చేప, అదే తోకకి విషపుముల్లు ఉండే బల్లపరుపు చేప, ఇసుకలో పడుకుని ఉంటుంది, తొక్కితేనే ముల్లు దించుతుంది. టేకు గానీ జెల్ల గానీ గుచ్చితే చర్మం కాలనంత వేడినీళ్ళలో ఆ చోటు ముంచి ఉంచండి, నొప్పి తగ్గుతుంది. తర్వాత వెంటనే ఆసుపత్రికి. ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకెళ్ళండి, టీ పెట్టుకోవడానికీ పనికొస్తాయి.

తెప్ప అప్పన్న (గోపాలపురం)
అక్టోబరు 7, రాత్రి 9:10

నాగుల చవితికి నేను వస్తాను తమ్ముడూ. ఆ పూట మా ఇంట్లో పుట్టకి పాలు పోసి, మధ్యాహ్నం భోంచేసి బయల్దేరతాను. విసురు వల తెస్తాను. నువ్వు ఎర కొనకు.

కొత్తగాలం (బరంపురం)
నాగుల చవితి మర్నాడు, ఉదయం 11:00

వెళ్ళాం, వచ్చాం. చేతులింకా నొప్పిగా ఉన్నాయి. మొత్తం రాస్తాను, మీ అందరికీ చెప్పాలి.

ఈ నాలుగు వారాల్లో ఎఫ్‌జీ ముడి లెక్కలేనన్ని సార్లు కట్టాను. లైటు ఆర్పేసి కూడా కట్టాను. గేటుకి కాటా కట్టి చూస్తే నేను "సరిపోయింది" అనుకున్న డ్రాగ్ ఆరు కిలోలు చూపించింది! 3.4కి దించాను. లీడర్ 60 పౌండ్లది, మాస్టారు చెప్పినట్టు మీటరూ ఇరవై.

మూడున్నరకి పాయ మూల దగ్గర దిగాం. అప్పన్న అన్న రెండుసార్లు వల విసిరితే రొయ్యలు నాలుగైదు, ఖైంగా పిల్లలు దోసెడు పడ్డాయి. "ఇవాళ ఖైంగా" అన్నాడు. నాలుగూ నలభైకి మొదటిది తగిలింది. చెయ్యి అలవాటుగా పైకి లేవబోయింది, అన్న నా మణికట్టు పట్టుకుని ఆపాడు. రీల్ తిప్పితే చాలు, ముల్లు తనే దిగింది. 62 సెంటీమీటర్లు, మూడు కిలోలు. అది ఇంటికి తెచ్చాను, అమ్మకి మాట తప్పలేదు.

పొద్దు గుంకాక గంటసేపు ఏమీ లేదు. చీకట్లో అవతలి గట్టు వైపు "బుడుంగ్" మని చప్పుడు. టెంకాయ నీళ్ళలో పడ్డట్టు. పండుగప్ప ఎరని నోట్లోకి పీల్చుకున్నప్పుడు వచ్చే చప్పుడని అన్న చెప్పాడు. రెండోసారి దగ్గరగా వినిపించింది. మూడోది నా ఖైంగా ఉన్న చోటే.

దారం పోతూనే ఉంది, పోతూనే ఉంది. నేను ఏమీ చేయలేదు, రాడ్ పట్టుకుని నిలబడ్డానంతే. ఒకసారి పైకి లేచింది. నిరుడు ఆ క్షణంలోనే పోయింది. ఈసారి రాడ్ కొన కిందికి దించి దారం కాస్త వదులు చేశాను, ఆ పని ఎవరు చెప్పారో గుర్తు లేదు, మాస్టారి మాటల్లోంచే పుట్టి ఉంటుంది. పన్నెండు నిమిషాలకి దగ్గరికొచ్చింది. హెడ్‌ల్యాంపు వెలుతురు పడగానే కన్ను నిప్పుకణికలా ఎర్రగా మెరిసింది. అన్న మోకాలి లోతు నీళ్ళలోకి దిగి వల కింద పెట్టాడు.

94 సెంటీమీటర్లు. తూచలేదు, అంతసేపు ఉంచబుద్ధి కాలేదు. మొప్ప రేకు తెరిచినప్పుడల్లా దాని అంచు వెలుతురులో కత్తిలా మెరుస్తోంది. ముల్లు పెదవి మూలన ఉంది, వేలితో నెడితే వచ్చేసింది. నేను దవడ పట్టుకున్నాను, అన్న పొట్ట కింద రెండు చేతులూ పెట్టాడు. వాలుకి ఎదురుగా తల పెట్టి నీళ్ళలో పట్టుకున్నాం. రెండు నిమిషాలు కదల్లేదు, నాకు టెన్షన్ పెరిగిపోయింది. తర్వాత నా బొటనవేలిని ఒకసారి గట్టిగా నొక్కి, తోక కొట్టి వెళ్ళిపోయింది. నీళ్ళు మా ఇద్దరి మొహాల మీద పడ్డాయి.

అన్న కాసేపు ఏం మాట్లాడలేదు. "ఇంత పెద్దదాన్ని చేతులారా వదలడం ఇదే మొదలు" అన్నాడు.

లత (పర్లాకిమిడి)
నాగుల చవితి మర్నాడు, ఉదయం 11:25

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఇద్దరికీ థాంక్స్.

గట్టు మాస్టారు (ఛత్రపురం)
నాగుల చవితి మర్నాడు, మధ్యాహ్నం 12:10

శభాష్ నాయనా. ఆ లీడర్ పారేయలేదు కదా? ముల్లు దగ్గర నుంచి వేలి గోరుతో తడుముతూ పైకి రా. గరుకు ఎంత దూరం వచ్చిందో కొలిచి రాయి.

కొత్తగాలం (బరంపురం)
నాగుల చవితి మర్నాడు, మధ్యాహ్నం 12:40

కొలిచాను మాస్టారూ. మొదటి జానెడులో మూడు చోట్ల లోతుగా గాట్లున్నాయి, ఒకచోట సగం తెగింది. తర్వాత సన్నని గీతలు. చివరి గీత 58 సెంటీమీటర్ల దగ్గర ఉంది.

ఇచ్ఛాపురం రాజు
నాగుల చవితి మర్నాడు, మధ్యాహ్నం 12:55

58 అంటే నా 45 దాటి బ్రెయిడ్‌కే తగిలేది. ఇంట్లో ఉన్న లీడర్లన్నీ ఇవాళే విప్పి మళ్ళీ కడుతున్నాను.